నవ్వేవాళ్లకీ ఒక క్యాను నీళ్లు

స్క్రూడ్రైవర్ కావాలని వచ్చిన మా ఎదురింటి మాస్టారు ఆ రోజు మా వంటింటి అటక వైపు చూశారు. మూత బిగించిన రెండు నీళ్ల క్యాన్లు, పాత బిస్కెట్ల డబ్బా, దాని మీద చేతి టార్చి, పక్కన గుడ్డసంచి. కాసేపు చూసి, "ఏటమ్మా, యుద్ధమేటైనా వస్తాదేటి?" అన్నారు. నేనూ నవ్వాను. ఆయనకి స్క్రూడ్రైవర్ దొరికింది, నాకు ఆ వారమంతా మెట్ల మీద "యుద్ధం ఎంతవరకొచ్చిందమ్మా?" అనే పలకరింపు దొరికింది.

ఆ అటక నేను తెలివిగలదాన్నై సర్దలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా ఇంట్లో ఉన్నవి ఇవి: ఒక కొవ్వొత్తి, చెమ్మగిల్లి వెలగని అగ్గిపెట్టె, సగం కూడా ఛార్జింగ్ లేని ఫోను. రెండు రోజులుగా టీవీలో చెబుతూనే ఉన్నారు. మేం విశాఖ ఎం.వి.పి. కాలనీలో మూడో అంతస్తులో కూర్చుని 'మనకేంటిలే, కాకినాడ వైపో ఒడిశా వైపో పోతుందిలే' అనుకున్నాం. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఏమిటో ఆ తొమ్మిది రోజుల్లో తెలిసింది. అప్పుడు చేయలేక, తర్వాత ఒక్కొక్కటీ నేర్చుకుని చేసిన పనులే కింద రాస్తున్నాను. మీ ఇంట్లో ఎలా చేసుకోవచ్చో, చేస్తుంటే నలుగురూ అనే మాటల్ని ఎలా తట్టుకోవాలో కూడా.

మొదట నీళ్లు

తుఫాను అనగానే అందరూ కొవ్వొత్తుల కోసం పరిగెడతారు. చీకట్లో బతకొచ్చు, నీళ్లు లేకపోతే బతకలేం. ఆ వారం మా అపార్ట్‌మెంట్‌లో బోరు కింద నీళ్లు ఉన్నాయి, పైన ట్యాంకూ ఉంది. మధ్యలో మోటారు నడవడానికి కరెంటే లేదు. జనరేటర్ అద్దెకి తెచ్చుకున్న వీధుల్లో గంటకింత అని డబ్బులు వేసుకుని ట్యాంకులు నింపుకున్నారు. మిగతావాళ్లం బిందెలు పట్టుకుని మెట్లు దిగాం.

మనిషికి రోజుకి తాగడానికీ వంటకీ కలిపి నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి. నలుగురున్న ఇంట్లో మూడు రోజులకి నలభై ఎనిమిది లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, మరికొన్ని సీసాలు. ఇప్పుడు ఇంటికి ఒక క్యాన్ వేయించుకుంటుంటే రెండు వేయించుకోండి, ఎప్పుడూ ఒకటి నిండుగా ఉండేలా తిప్పుతూ వాడండి. అంతకన్నా చేయాల్సిందేమీ లేదు. ఏళ్ల తరబడి దాచిన నీళ్లు ఎవరూ తాగరు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం ఇంట్లో ఉన్న ప్రతి బకెట్టూ, గంగాళమూ, ప్రెషర్ కుక్కరూ నింపేయండి. బాత్రూములో పెద్ద డ్రమ్ము తప్పనిసరి, ఎందుకో మొదటి రోజు సాయంత్రానికే తెలిసిపోతుంది. ఫ్రీజరులో ఖాళీ ఉంటే ప్లాస్టిక్ సీసాల్లో ముప్పావు వంతు నీళ్లు పోసి గడ్డ కట్టించండి. కరెంటు పోయాక ఫ్రిజ్‌ని కొన్ని గంటలు చల్లగా ఉంచుతాయి, కరిగాక తాగడానికీ పనికొస్తాయి. ఆ తర్వాత వచ్చే ట్యాంకర్ నీళ్లని నమ్మకండి. తెర్లేదాకా కాచి చల్లార్చండి. గ్యాసు తక్కువుంటే మందుల షాపులో దొరికే క్లోరిన్ బిళ్లలు, పొట్లం మీద ఉన్న కొలత ప్రకారం వేయండి.

తిండి: అటక మీద కాదు, వంటింట్లోనే

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎక్కడో చదివి డబ్బాల తిండి కొని ఒక మూల దాచిపెడతారు. ఆరునెలలకి చూస్తే సగానికి తేదీ దాటి ఉంటుంది, మిగతా సగం ఇంట్లో ఎవరికీ నచ్చదు. మన ఇళ్లలో ఈ పని ఎప్పుడో ఉంది, దానికి ఎవరూ పేరు పెట్టలేదంతే. వేసవిలో ఆవకాయ పెట్టడం, వడియాలు ఎండబెట్టడం, ఏడాదికి సరిపడా చింతపండు ఈనెలు తీసి ఉప్పు చల్లి జాడీలో తొక్కడం, ఇవన్నీ ఏమిటి? మా అత్తగారిది శ్రీకాకుళం వైపు పల్లె. ఆవిడ అటక మీద వానాకాలానికి ఎండు చేపలు, ఉలవలు, బెల్లం అచ్చులు ఎప్పుడూ ఉండేవి. ఆవిడని ఎవరూ 'యుద్ధమా' అని అడగలేదు.

కాబట్టి మీరు రోజూ తినేవాటిలోనే కొంచెం ఎక్కువ కొనండి. నెల సామాన్లలో ప్రతిసారీ ఒక్క వస్తువు అదనంగా: ఈ నెల అటుకులు కిలో, వచ్చే నెల బెల్లం, ఆపై నెల పాలపొడి. మంట లేకుండా తినగలిగేవి మూడు నాలుగు ఉండాలి. అటుకులు కాసిన్ని నీళ్లు చల్లి ఉప్పు, నిమ్మకాయ, పచ్చిమిర్చి వేస్తే పొద్దున్న గడిచిపోతుంది. పుట్నాలు, వేరుశనగలు, ఖర్జూరం, బిస్కెట్లు, మరమరాలు. రవ్వ దాచేటట్టయితే ముందు సన్నసెగ మీద వేయించి చల్లార్చి డబ్బాలో పోయండి, పురుగు తొందరగా పట్టదు. బియ్యంలో ఎండు వేపాకు వేయడం మీకు నేను చెప్పక్కర్లేదు. పాతది ముందు వాడి కొత్తది వెనక పెట్టండి.

ఒక మాట. హెచ్చరిక వచ్చిన రోజు రైతుబజారుకి వెళ్లి నాలుగు రెట్లు కొనకండి. నేను ఆ తప్పు కూడా చేశాను. ఏ రోజుకారోజు కొనుక్కునేవాళ్లు సాయంత్రం కూలి డబ్బులతో వచ్చేసరికి ఉల్లిపాయలుండవు. నెలనెలా కొంచెం కొంచెం పెట్టుకోవడమే దాచుకోవడం. చివరిరోజు ఎగబడటం వేరే సంగతి.

వెలుగు, ఉప్పుగాలి

విశాఖలో ఉన్నవాళ్లకి మాత్రమే చెప్పాల్సిన సంగతి ఇది. నిరుడు వేసవిలో పెద్ద టార్చి తీసి మీట నొక్కితే వెలగలేదు. వెనక మూత తిప్పితే రాలేదు. గుడ్డ చుట్టి బలంగా తిప్పితే కర్రుమని వచ్చింది. లోపల స్ప్రింగు చుట్టూ నీలిపచ్చ పొడి, బ్యాటరీల చివర తెల్లటి పొంగు, ఒక బ్యాటరీ గొట్టానికి అతుక్కుపోయింది. కొన్నది ఏడాదిన్నర క్రితం, వాడింది రెండుసార్లు. సముద్రం మీద నుంచి వచ్చే గాలికి ఇక్కడ తలుపు గొళ్లేలే నిలవవు, సన్నటి స్ప్రింగు ఏం నిలుస్తుంది?

అందుకే టార్చిలో బ్యాటరీలు పెట్టి దాచకండి. బ్యాటరీలు విడిగా, జిప్పున్న ప్లాస్టిక్ కవర్లో, టార్చికి రబ్బరు బ్యాండు వేసి కట్టి ఉంచండి. అగ్గిపెట్టెలు మూత గట్టిగా ఉన్న సీసాలో, అడుగున గుప్పెడు బియ్యం వేసి పెట్టండి. కొవ్వొత్తి కన్నా ఎల్‌ఈడీ లైటు నయం. గాలికి కర్టెను ఎగిరి మంట అంటుకుంటే ఆ వేళలో ఫైరింజను మీ వీధి దాకా రావడానికి దారి ఉండదు, చెట్లన్నీ అడ్డంగా పడి ఉంటాయి.

ఫోన్‌కి పవర్ బ్యాంక్ ఒకటి, నెలకోసారి ఛార్జి పెట్టాలి. ఇన్వర్టర్ ఉంటే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకోండి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఇప్పుడు ఎవరైనా కొంటే నవ్వుతారు, కొనండి. ఆ వారం సెల్ టవర్లు మూగబోయినప్పుడు మాకు బయటి సంగతి చెప్పింది మా వాచ్‌మన్ రేడియో ఒక్కటే. సాయంత్రం ఆరయ్యేసరికి అపార్ట్‌మెంటంతా మెట్ల కింద అతని గది ముందు చేరేది.

కాగితం మీద రాయండి

మీ అన్నయ్య ఫోన్ నంబరు చూడకుండా చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. ఆ వారం ఒక ఇంట్లో ల్యాండ్‌లైన్ పనిచేస్తోందని తెలిసి వరసలో నిలబడ్డాను. తీరా నా వంతు వచ్చేసరికి ఒక్క నంబరూ గుర్తులేదు, అన్నీ చచ్చిపోయిన ఫోన్లోనే ఉన్నాయి.

పది నంబర్లు బాల్‌పెన్‌తో రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. ఒక నకలు పర్సులో. వాటితోపాటు ఇవీ: అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108, అగ్నిమాపకానికి 101, గ్యాస్ లీకుకి 1906, కరెంటు ఫిర్యాదుకి 1912, జిల్లా కంట్రోల్ రూముకి 1077. ఊళ్లో లేని చుట్టం ఒకరిని ముందే అనుకుని ఉంచండి, 'ఎవరు ఎక్కడున్నా రాజమండ్రి పిన్నికి చెప్పాలి' అని. లోపల లోపల ఫోన్లు కలవకపోయినా బయటికి ఒక్కోసారి కలుస్తాయి.

ఆధార్, ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకం, ఇన్సూరెన్సు, డాక్టరు చీటీ, వీటి నకళ్లు ఒక ప్లాస్టిక్ కవర్లో. దాంట్లోనే రెండు వేలో మూడు వేలో చిల్లర నోట్లుగా. ఏటీఎం పనిచేయదు, ఫోన్‌పే పనిచేయదు, పాలవాడి దగ్గర ఐదొందల నోటుకి చిల్లర ఉండదు. బీపీ, షుగర్ మాత్రలు పదిహేను రోజులకి సరిపడా ఎప్పుడూ ముందుండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు కరెంటు పోతే ఎలా దాచాలో మీ డాక్టరుని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాలంటే టీ చెంచాలు, తలకొట్టి కొలవాలి.

గ్యాసు బండ

తుఫాను పదేళ్లకోసారి రావచ్చు. గ్యాసు బండతో రోజూ పని. కొత్త బండ వచ్చినప్పుడు పిడి దగ్గర ఉన్న నిలువు పట్టీల మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబర్, డి చివరి మూడు నెలలు. అంకెలు సంవత్సరం. ఆ గడువు లోపల బండని మళ్లీ పరీక్ష చేయించాలి. గడువు దాటిన బండ తెస్తే గుమ్మంలోనే వెనక్కి పంపండి, మొహమాటం వద్దు. రబ్బరు ట్యూబు అయిదేళ్లకి మార్చాలి. తేదీ ట్యూబు మీదే అచ్చు వేసి ఉంటుంది.

రాత్రి వాసన వస్తే లైటు వేయాలని చేయి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. ఆపండి. వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు, కాలింగ్ బెల్లూ వద్దు. గ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరూ బయటికి వచ్చాక బయట నుంచి 1906కి ఫోను చేయండి. బండతో వచ్చిన ప్లాస్టిక్ మూతని పారేయకుండా దానికే తాడుతో కట్టి ఉంచండి, రెగ్యులేటర్ తీశాక బిగించాల్సింది అదే. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, పెద్ద మూత పెట్టి స్టవ్ కట్టేయండి. మెయిన్ స్విచ్చు ఎక్కడుందో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ చూపించండి.

గాజువాక, మల్కాపురం, మింది, గోపాలపట్నం వైపు ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకి ఇంకొకటి. 2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి లీకయింది తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉండగా. పన్నెండు మంది చనిపోయారు. అలాంటి వేళ ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, దానికి అడ్డంగా నడిచి ఆ దారి నుంచి తప్పుకోవాలి. గాలితోపాటు పరిగెత్తితే విషమూ మన వెంటే వస్తుంది. స్టైరీన్ ఆవిరి కూడా బరువైనదే, కాబట్టి పల్లంలోకి దిగకూడదు. తలుపు పక్కన మేకుకి ఇంటి తాళాలు, బండి తాళం, ఆ కాగితాల కవరు ఉన్న సంచి తగిలించి ఉంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

తుఫాను చెప్పి వస్తుంది

ఇది ఒక్కటే మనకి వెసులుబాటు. విశాఖలోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. తీరానికి మామూలుగా నలభై ఎనిమిది గంటల ముందు అప్రమత్తం చేస్తారు, ఇరవై నాలుగు గంటల ముందు హెచ్చరిక ఇస్తారు. ప్రభుత్వ హెచ్చరికలు పంపే సచేత్ యాప్ పెట్టుకుంటే ఫోనుకే వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే 'సముద్రం వెనక్కి పోయింది' వీడియోలు చూసి పరుగులు పెట్టకండి, ఎవరికీ పంపకండి.

ఆ ఇరవై నాలుగు గంటల్లో చేయాల్సినవి: బాల్కనీలోంచి పూలకుండీలు, బట్టల స్టాండు, కుర్చీలు లోపలికి. బండిని చెట్టు కింద నుంచి తీసేయాలి. మేడ మీది నీళ్ల ట్యాంకు నిండా కొట్టించాలి. స్కూటర్లో పెట్రోలు ఉండాలి, తర్వాత బంకు దగ్గర వరస ఎంత పొడుగుంటుందో చెప్పినా నమ్మరు. కిటికీల సంగతి మాత్రం కాస్త నిలబడి వినండి. హుద్‌హుద్‌లో గంటకి నూట ఎనభై కిలోమీటర్ల గాలి. వాన పై నుంచి పడలేదు, అడ్డంగా వచ్చింది. మా అల్యూమినియం స్లైడింగ్ కిటికీ మూసే ఉంది, గడియా వేసే ఉంది. కింద పట్టాలోంచి నీళ్లు బుడగలు కడుతూ పైకి లేచి గదిలోకి దూకాయి. పాత చీరలు, గోనెసంచులు చుట్టచుట్టి ఆ పట్టాలో కుక్కితే కొంత ఆగింది. మీరు ముందు రోజే కుక్కండి. పరుపులూ పుస్తకాలూ నేల మీద నుంచి ఎత్తేయండి. అద్దాలున్న గదిలో ఎవరూ ఉండకండి, నడవలోనో లోపలి గదిలోనో కూర్చోండి.

ఇక మధ్యలో గాలి హఠాత్తుగా ఆగితే అయిపోయిందని బయటికి వెళ్లకండి. ఆ మధ్యాహ్నం తుఫాను కన్ను మన మీదుగా పోతున్నప్పుడు కాసేపు తెరిపిచ్చింది. మా వీధిలో జనం సెల్ఫోన్లతో విరిగిన చెట్లు ఫోటోలు తీసుకున్నారు. తర్వాత గాలి అటు నుంచి ఇటు తిరిగి వచ్చింది, పొద్దుటి గాలికి నిలబడ్డ చెట్లు అప్పుడు పడ్డాయి.

నలుగురి మాటలు

సామాన్లు సర్దుకోవడం తేలిక. ఇంట్లోవాళ్లతోనే కష్టం. మా అత్తగారు, ఎండు చేపల అటక ఉన్న ఆవిడే, నేను దసరా ముందు మందుల డబ్బా సర్దుతుంటే "శుభమా అని పండగ పూట ఆ పనులేటి తల్లీ" అన్నారు. మా ఆయన ఖర్చు లెక్క అడిగారు. ఆడపడుచు "తుఫానొస్తే మీ ఇంటికొచ్చేస్తాం వదినా" అని నవ్వేసింది. మూడూ మూడు రకాలు, ఒకే జవాబు పనిచేయదు.

అపశకునం అనేవాళ్లతో వాదించకండి, రోజు మార్చండి. నేను ఏడాదికి రెండుసార్లు తేదీలు చూస్తాను, ఉగాది ముందు, వినాయక చవితి ముందు. ఆ రెండూ ఎలాగూ ఇల్లు దులిపే రోజులే, ఎవరికీ అనుమానం రాదు. పైగా తుఫాన్లు వచ్చే రెండు కాలాలకీ, ఎండాకాలానికీ అక్టోబర్-డిసెంబర్ నెలలకీ, ముందే పడతాయి. దసరా దాకా ఆగితే ఆలస్యం, 2014లో దసరా అయిన తొమ్మిది రోజులకే హుద్‌హుద్ వచ్చింది. ఖర్చు అడిగేవాళ్లకి తేదీ దగ్గరపడ్డ పాలపొడితో కోవా చేసి పెట్టండి, ఏదీ వృథా కావట్లేదని అదే చెబుతుంది. 'మీ ఇంటికొచ్చేస్తాం' అనేవాళ్లని వేళాకోళం అనుకోకండి. నిజంగానే వస్తారు. నలుగురికి లెక్క వేస్తే ఆరుగురికి పెట్టండి. నేను మొదట్లో 'అప్పుడు నవ్వారుగా' అని లోపల ఒక పట్టు పెట్టుకునేదాన్ని. పసిపిల్ల ఉన్న కింద ఫ్లాటు అమ్మాయి పాలపొడి కోసం గుమ్మంలో నిలబడితే ఆ పట్టు ఎక్కడ ఉంటుంది?

అందరికీ బోధించే పని కూడా పెట్టుకోకండి. నేను అసోసియేషన్ మీటింగులో పావుగంట మాట్లాడితే ఇద్దరు నిద్రపోయారు. తర్వాత సారి ఒక్కటే అడిగాను: టెర్రస్ తాళంచెవి, మోటారు గది తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉన్నాయి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఏయే ఫ్లాట్లలో ఉన్నారు, ఇది నోటీసు బోర్డు మీద రాద్దామా అని. అయిదు నిమిషాల్లో రాసేశారు. గృహప్రవేశాలకి గోడ గడియారం బదులు ఛార్జింగ్ లైటు ఇస్తున్నాను. ఇంతవరకు ఎవరూ వద్దనలేదు.

మొన్న వినాయక చవితికి వారం ముందు కాలింగ్ బెల్లు మోగింది. మాస్టారు, చేతిలో స్టీలు టార్చి. "ఏటమ్మా, దీనికి ఏ సైజు బ్యాటరీలు పడతాయి? లోపలంతా పచ్చగా ఏదో పట్టేసింది." యుద్ధం ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెద్ద సైజు పడతాయి మాస్టారూ, కొనేముందు ఆ స్ప్రింగుని ఉప్పుకాగితంతో మెరుపు వచ్చేదాకా గీకి చూడండి అని చెప్పాను.